పళ్ళు రాలిపోయే కలకి అర్థం వెతికేముందు ఒకసారి దవడ తడుముకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. నాలుగు నెలలుగా, వారానికి రెండు మూడుసార్లు, పళ్ళు ఒక్కొక్కటే ఊడి చేతిలో పడుతున్నట్టు కల. కలల పుస్తకం చూస్తే ఇంట్లో ఎవరో పోతారని ఉంది. ఒక యాప్ డబ్బు నష్టం అంది. ఒక వీడియోలో మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ పేరు చెప్పి, అణచుకున్న లైంగిక కోరిక అన్నారు. ఈ మూడూ చూశాక నిద్రపోవాలంటేనే భయం పట్టుకుంది. "మనస్తత్వశాస్త్రం అసలు ఏమంటుంది? నా అచేతన మనసు నాకేదైనా చెబుతోందా?" అన్నారు.

సూటిగా చెప్తాను: ఆ మూడు జవాబులూ వదిలేయండి. కలలో కనబడే వస్తువుకి అందరికీ చెల్లే అర్థమంటూ ఉండదు. పన్నంటే ఇది, పామంటే అది అని ఎవరు పట్టిక ఇచ్చినా, వాళ్ళు మీ గురించి ఏమీ అడక్కుండానే మీ మనసు చదివేశామంటున్నట్టే లెక్క. మీ కలకి అర్థం ఉండొచ్చు. అది దొరికితే మీ దగ్గరే దొరకాలి, మీ మాటల్లోనే దొరకాలి. అసలు దొరక్కపోవచ్చు కూడా. జరగబోయేది మాత్రం ఏ కలా చెప్పదు. ఇంట్లోవాళ్ళ ఆయుష్షుకీ మీ పళ్ళకీ ఏ సంబంధమూ లేదు.

ఇక నా మొదటి ప్రశ్న వింటే మీరు నిరుత్సాహపడతారేమో. పొద్దున లేచేసరికి దవడ నొప్పిగా ఉంటోందా? కణతల దగ్గర బిగుసుకుపోయినట్టు ఉంటోందా? రాత్రి మీరు పళ్ళు కొరుకుతున్నారని పక్కన పడుకునేవాళ్ళు ఎప్పుడైనా అన్నారా?

ఎందుకంటే, 2018లో ఇజ్రాయెల్‌లోని బెన్-గురియన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండువందల పైచిలుకు విద్యార్థుల్ని సరిగ్గా ఈ కల గురించే అడిగారు. పళ్ళు ఊడే కలలు వచ్చేవాళ్ళలో నిద్రలేచేసరికి పళ్ళలో, చిగుళ్ళలో, దవడలో బిగువు ఉండటం ఎక్కువగా కనబడింది. మానసిక వేదనతో మాత్రం ఈ కలకి సంబంధం కనబడలేదు. ఆశ్చర్యంగా, పడిపోవడం, ఊపిరాడకపోవడం లాంటి మామూలు పీడకలలకి ఆ సంబంధం కనబడింది. ఒక్క అధ్యయనంతో తేలిపోయే విషయం కాదు. అయినా మీ దగ్గరున్న మూడు జవాబుల కంటే ఇది నయం, పైగా రేపు పొద్దున్నే మీరే సరిచూసుకోవచ్చు. నిద్రలో ఒంటికి తగిలేవన్నీ కలలోకి చొరబడతాయి. అలారం మోత కలలో గుడిగంట అవుతుంది. దప్పికైతే కలలో నీళ్ళు తాగుతూనే ఉంటాం, దాహం తీరదు.

నేను ఇరవై రెండేళ్ళుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఇదే కలతో వచ్చిన ఒకావిడ కథ చెప్తాను (వివరాలు కొన్ని మార్చాను, కింద చెప్పబోయేవాళ్ళవి కూడా). ఆవిణ్ణి ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి పంపాను. దవడ పళ్ళు అరిగిపోయి ఉన్నాయని, రాత్రిపూట పెట్టుకునే తొడుగు చేసిచ్చారు. నెలన్నరలో కల దాదాపు ఆగిపోయింది. అక్కడితో కథ అయిపోతే నేను ఈ సమాధానం రాసేవాణ్ణి కాదు. చివరిసారి వచ్చినప్పుడు, పళ్ళెందుకు కొరుకుతున్నారు అనే ప్రశ్న మిగిలిపోయిందే అనుకుని, "గత ఏడాది ఎలా గడిచిందండీ?" అని ఊరికే అడిగాను. ఒక్క క్షణం ఆగి, "ఎలా గడవడమేంటండీ, అంతా పంటి బిగువున లాక్కొచ్చాను" అంది. అన్నాక తనే తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తరవాత మేం ఐదు నెలలు మాట్లాడుకున్నాం. పళ్ళ గురించి కాదు.

కాబట్టి ఒంటిదా మనసుదా అని మరీ గట్టిగా గీత గీయక్కర్లేదు. బిగువు దవడదే. ఆ బిగువు ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది వేరే సంగతి.

ఈ "పంటి బిగువు" దగ్గర ఇంకొంచెం ఆగుతాను. ప్రతి భాషకీ తనదైన కలల భాష ఉంటుందని హంగరీ మనోవిశ్లేషకుడు ఫెరెన్జి అన్న మాటని ఫ్రాయిడ్ ప్రత్యేకంగా ప్రస్తావించాడు. నా అనుభవంలో ఇది అక్షరాలా నిజం. తెలుగులో ఆలోచించే మనిషి కల తెలుగులోనే పలుకుతుంది. గొంతులో ఏదో గుండ్రంగా అడ్డుపడి మింగలేక కక్కలేక అవస్థపడుతున్నట్టు కలగన్న కుర్రాడికి ఇంగ్లీషు నుంచి దించుకున్న కలల నిఘంటువు "మీరు మీ భావాల్ని వ్యక్తపరచలేకపోతున్నారు" అని చెబుతుంది. ఆ కుర్రాడు నాతో అన్నమాట "గొంతులో వెలక్కాయ పడ్డట్టయిందండీ ఆరోజు". ఏ రోజు? ప్రమోషన్ వచ్చిందని అందరిముందూ ప్రకటించాక, ఆ పోస్టు ఇంకొకరికి ఇచ్చామని ఫోనొచ్చిన రోజు. నిఘంటువు చెప్పింది తప్పని కాదు, కానీ దానివల్ల ఆ ఫోను సంగతి బయటికి రాదు. అలాగని ప్రతి కలలోనూ సామెతలు, జాతీయాలు వెతుక్కోకండి. మాటల గారడీ వ్యాఖ్యానించేవాడికి చాలా ముచ్చటగా ఉంటుంది. నేనే ఒకప్పుడు ఆ మోజులో కొన్ని పిచ్చి అర్థాలు చెప్పాను.

ఇక ఫ్రాయిడ్. ఆయన పేరుతో ఆ వీడియోలో చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. అదే చిక్కు. కలల మీద ఆయన పుస్తకం 1899 నవంబరులో వచ్చింది, అట్ట మీద మాత్రం 1900 అని వేశారు. మొదట అచ్చేసిన 600 ప్రతులు అమ్ముడవడానికి ఎనిమిదేళ్ళ దాకా పట్టింది. అందులో పళ్ళ కలల గురించి, కుర్రవాళ్ళ విషయంలో, లైంగికమైన వివరణ ఉన్న మాట నిజమే. తర్వాతి ముద్రణల్లో ప్రతీకల భాగం పెరుగుతూ పోయింది. జనానికి గుర్తుండిపోయింది అదే. కానీ ఆయన అసలు పద్ధతి పట్టిక కాదు. కలని ముక్కలు చేసి, ఒక్కో ముక్క దగ్గరా "ఇది అనగానే మీకేం తోస్తోంది? సిగ్గుపడకుండా, సరిచేసుకోకుండా చెప్పండి" అని అడగడం. ఫ్రీ అసోసియేషన్ అంటే ఇదే.

దీన్ని ఆయన ముందు తన కల మీదే వాడి చూపించాడు. 1895 జులై 23 రాత్రి వచ్చిన కల అది. ఇర్మా అని ఆయన పేరు పెట్టిన పేషెంటు ఒక విందులో కనబడుతుంది. గొంతు చూస్తాను నోరు తెరవమంటే, కట్టుడు పళ్ళున్న ఆడవాళ్ళలా మొండికేస్తుంది. ఇక్కడ ఫ్రాయిడ్ "పళ్ళు అంటే ఫలానా" అనలేదు. గతంలో తాను పరీక్షించిన ఒక పంతులమ్మ గుర్తొచ్చింది. చూడ్డానికి ఎంతో అందంగా ఉండే ఆవిడ, నోరు తెరవమనేసరికి కట్టుడు పళ్ళు కనబడకుండా దాచుకోబోయింది. అక్కణ్ణుంచి ఇంకో మనిషి, ఇంకో సంఘటన. చివరికి ఆయన తేల్చుకున్నది ఏమిటంటే, ఇర్మాకి పూర్తిగా నయం కాకపోవడంలో తన తప్పేమీ లేదని అనిపించుకోవాలన్న కోరిక ఆ కల నిండా ఉందని. కలలో తప్పంతా ఒక స్నేహితుడి మురికి సిరంజి మీదికి పోయింది.

పైకి కనబడే కథ ఒకటి, దానికింద ఉన్న ఆలోచనలు వేరొకటి. ఈ రెండిటి మధ్యా మనసు కొన్ని పనులు చేస్తుందన్నాడు. నలుగురు మనుషుల్ని కలిపి ఒక మనిషిని చేస్తుంది (మీ మేనేజరు గొంతుతో మాట్లాడే మీ పెద్దమ్మ కలలోకి ఎప్పుడూ రాలేదా?). భారమంతా ముఖ్యమైనదాని మీంచి తీసి ఏదో చిల్లర వస్తువు మీద పెడుతుంది. ఆలోచనని బొమ్మగా మారుస్తుంది. మెలకువ వస్తుండగా అతుకులు కనబడకుండా కథ అల్లుతుంది. వందేళ్ళు దాటినా ఈ గమనింపుల్లో పస ఉందనే నా అభిప్రాయం. ప్రతి కలా ఒక కోరిక తీరడమే అన్న సూత్రం మాత్రం నిలబడలేదు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు రాత్రి తర్వాత రాత్రి అదే పేలుడు కలగంటుంటే అందులో కోరిక ఏముంది? 1920 నాటికి ఈ కలలు తన సూత్రానికి లొంగవని ఫ్రాయిడే ఒప్పుకోవాల్సి వచ్చింది.

స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త యూంగ్ దారి వేరు. కల దేన్నీ దాచదు, దానికి చేతనైన బొమ్మల భాషలో చెబుతుంది, మనకే ఆ భాష రాదు అన్నాడు. పగలు మనం ఒకవైపు మరీ ఒరిగిపోతే రాత్రి కల రెండోవైపు లాగుతుందన్నాడు. పగలంతా నేనే గట్టివాణ్ణని తిరిగేవాడికి రాత్రి నడవలేని పిల్లాడు కనబడటం ఆ లెక్కలోది. ఆయన దగ్గర నేను నేర్చుకున్న పెద్ద సంగతి ఇంకోటుంది. ఒక్క కలని చూసి ఏమీ చెప్పకూడదు, వరసగా చాలా కలలు చూడాలి.

వాళ్ళిద్దరి మధ్యా జరిగిన ఒక సంగతి నా దగ్గర శిక్షణకి వచ్చే పిల్లలకి మొదటి రోజే చెబుతాను. 1909లో ఇద్దరూ కలిసి అమెరికా వెళ్ళారు. ఆ ప్రయాణంలో ఒకరి కలలు ఒకరు విప్పి చూసుకునేవారు. యూంగ్‌కి ఒక ఇల్లు కలలోకి వచ్చింది. పై అంతస్తు పాత జమీందారీ మోస్తరు, కింది అంతస్తు ఇంకా పాతది, దానికింద రోమన్ల నాటి నేలమాళిగ, ఇంకా కిందికి దిగితే గుహ, అందులో ఎముకలు, రెండు పుర్రెలు. ఫ్రాయిడ్ ఆ పుర్రెలనే పట్టుకున్నాడు. అవి ఎవరివి, ఎవరి చావు కోరుతున్నావు అని. యూంగ్‌కి అలాంటిదేమీ తోచలేదు. కానీ గురువుగారితో పేచీ ఎందుకని, నా భార్యవీ మరదలివీ అని అబద్ధం చెప్పేశాడు. ఫ్రాయిడ్ కుదుటపడ్డాడట! మనసు లోతుల్ని చదవడంలో అంతటి ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటేనే ఇలా జరిగింది. కలకి అర్థం చెప్పేవాడి ముందు కూర్చున్న మనిషి, తెలిసో తెలియకో, చెప్పేవాడికి నచ్చే జవాబే ఇస్తాడు. 1913కల్లా ఆ ఇద్దరి స్నేహమూ ముగిసిపోయింది.

"ఇదంతా పాత కాలపు కబుర్లు, సైన్సు ఏమంటుంది?" అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ కళ్ళు వేగంగా కదిలే నిద్ర దశని, మనం రెమ్ నిద్ర అంటున్నదాన్ని, ప్రకటించారు. ఆ దశలో లేపితే జనం ఎక్కువగా కలలు చెబుతారు. 1977లో మెదడు పరిశోధకులు హాబ్సన్, మెకార్లీ, మెదడు కాండం నుంచి ఎగసే గందరగోళపు సంకేతాల్ని పైమెదడు ఎలాగోలా కథగా కుడుతుంది, అదే కల అన్నారు. "కలలు చెత్త" అనే ప్రచారం దీన్నుంచే పుట్టింది. హాబ్సన్ ఉద్దేశం అది కాదు. కలకి అర్థం ఉంది, కాకపోతే అది ఎక్కడా దాక్కుని లేదు, పైకే కనబడుతోంది అని ఆయన తర్వాత రాశాడు. ఆ తర్వాత సోమ్స్ అనే పరిశోధకుడు మెదడుకి దెబ్బతగిలిన రోగుల్ని పరిశీలించి, ముందుమెదడులో కొన్ని భాగాలు దెబ్బతింటే రెమ్ నిద్ర ఉన్నా కలలు ఆగిపోతున్నాయని చూపించాడు. అంటే రెమ్ నిద్రా కలా ఒకటి కావు.

నా మటుకు నాకు మనస్తత్వవేత్త కాల్విన్ హాల్ పని అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది. ఆయన అర్థాల జోలికి పోకుండా లెక్కపెట్టాడు. కలల్లో ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, ఏ భావం ఉంది అని. 1966లో వాన్ డి కాజిల్‌తో కలిసి ప్రచురించిన లెక్కలకి ఆధారం వంద మంది అబ్బాయిలు, వంద మంది అమ్మాయిలు రాసిచ్చిన వెయ్యి కలలు. తేలిందేమిటంటే, కలల్లో ఎక్కువ భాగం మన రోజువారీ మనుషులు, మన రోజువారీ గొడవలే. సంతోషం కంటే భయం, చిరాకు, బెంగ పాళ్ళు ఎక్కువ. కాబట్టి చెడ్డ కల రావడం చెడుకి సూచన కాదు, కలల స్వభావమే అంత.

సరే, నా గదిలో నేనేం చేస్తాను అనేదానికి వస్తాను. ఒక అకౌంటెంటు, నలభై దాటిన మనిషి. తను ఉంటున్న ఇంట్లోనే ఎప్పుడూ తెరవని గది ఒకటి బయటపడినట్టు పదేపదే కల. లోపల ఏమీ లేదు, పైన ఫ్యాను మాత్రం తిరుగుతోంది. నేను వెంటనే, మనసులోనే లెండి, అర్థం రాసేసుకున్నాను. తెరవని గది, అంటే వాడని ప్రతిభ, ఎప్పుడో వదిలేసిన సంగీతమో బొమ్మలో. పుస్తకాల్లో ఈ కలకి చాలా ఇష్టంగా చెప్పే అర్థం ఇదే. ఆ మోజుతోనే "గది చూడగానే సంతోషం వేసిందా?" అని అడిగాను. అడగకూడని ప్రశ్న అది, జవాబు అందులోనే పెట్టేశాను. ఆయన మర్యాదస్తుడు, "అయ్యుండొచ్చండీ" అన్నాడు. యూంగ్ పుర్రెలు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను.

మళ్ళీ మొదలుపెట్టాను. "గది వదిలేయండి. గుమ్మంలో నిలబడ్డప్పుడు ఒంట్లో ఎలా ఉంది?"

"కడుపులో దేవినట్టుగా ఉందండీ."

"దేన్ని చూస్తే?"

"ఫ్యానుని."

"ఫ్యానుని చూస్తే దేవడమెందుకు?"

"ఎప్పట్నుంచి తిరుగుతోందో ఎవరికి తెలుసు. మీటరు తిరుగుతూనే ఉంటుంది కదా. కట్టాల్సింది నేనే కదా."

ఇది అన్నాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. బావమరిది అప్పుకి హామీ సంతకం పెట్టాడు, మూడేళ్ళయింది, ఇంట్లో భార్యకి తెలియదు. వడ్డీ పెరుగుతోంది. అంతకుముందు ఆరు సిట్టింగుల్లో ఈ మాట ఒక్కసారి కూడా రాలేదు.

చూశారుగా, గది కాదు, ఫ్యాను. ఫ్యాను కూడా కాదు, కడుపులో దేవడం. బొమ్మ కంటే ముందు కలలోని భావాన్ని పట్టుకోండి. ఆ భావం పగటిపూట ఇంకెక్కడ తగులుతోందో వెతకండి. ఇంకో ఆనవాలు, సరైన అర్థం తగిలినప్పుడు మనిషి "భలే ఉందండీ" అనడు. మౌనంగా అయిపోతాడు, లేదా ఏడుస్తాడు, లేదా అప్పటిదాకా చెప్పనిది చెబుతాడు. మెచ్చుకోలు వచ్చిందంటే నాకు అనుమానమే. అప్పుసంగతి ఆ కల చెప్పిందా, లేక కల గురించి మాట్లాడే వంకతో ఆయనే చెప్పగలిగాడా అని అడిగితే, రుజువు చేయలేను. రెండోదే అయినా నాకు అభ్యంతరం లేదు.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, ఇవి మాత్రం కొంచెం గట్టిగానే చెబుతాను.

మీ కల చూసి "చిన్నప్పుడు మీకేదో జరిగింది, మీకు గుర్తులేదంతే" అనే ఎవరి దగ్గరైనా సరే, లేచి వచ్చేయండి. 1990ల చివర్లో మజ్జోనీ, లోఫ్టస్ అనే మనస్తత్వవేత్తలు ప్రయోగాలు చేశారు. నిపుణుడు అరగంటసేపు కలని విప్పి, పసితనంలో మీరు తప్పిపోయినట్టో, అలాంటిదేదో జరిగినట్టో దీని అర్థం అని చెబితే చాలు, అంతకుముందు అలాంటిదేమీ జరగలేదన్నవాళ్ళలో చాలామంది జరిగే ఉంటుందని నమ్మడం మొదలుపెట్టారు. కల ఆధారంగా ఎవరి మీదా నేరం మోపకూడదు.

మనల్ని మనం మభ్యపెట్టుకోవడం కూడా తక్కువేమీ కాదు. 2009లో మోర్వెడ్జ్, నార్టన్ ప్రచురించిన అధ్యయనాల్లో అమెరికా, దక్షిణ కొరియా, భారతదేశ విద్యార్థుల్లో ఎక్కువమంది కలల్లో దాగిన నిజాలుంటాయనే నమ్మారు. అయితే తమ నమ్మకాలకీ ఇష్టాలకీ అనుకూలంగా ఉన్న కలలకే ఎక్కువ విలువిచ్చారు. అంటే పెళ్ళి మానేయాలని ముందే ఉన్నవాడికి కల "మానేయమని చెప్పింది" అనిపిస్తుంది. కల చూసి ఉద్యోగాలు వదలకండి, మనుషుల్ని వదలకండి.

ప్రమాదమో, దాడో జరిగాక అదే సంఘటన కలగా తిరిగితిరిగి వస్తుంటే అర్థాలు వెతకడం దండగ. అక్కడ పని చేసేది వేరే. మెలకువలో కూర్చుని, ఆ పీడకలని మీకు నచ్చినట్టు మార్చి రాసుకుని, మార్చిన రూపాన్ని రోజూ కొన్ని నిమిషాలు కళ్ళముందు ఆడించుకోవడం. వినడానికి పిల్లలాటలా ఉంటుంది. లైంగిక దాడికి గురై పీడకలలతో బాధపడుతున్న 168 మంది స్త్రీలతో అమెరికా వైద్యుడు బ్యారీ క్రాకో బృందం చేసి 2001లో ప్రచురించిన పరీక్షలో దీనివల్ల పీడకలలు తగ్గాయి. తోడుగా తెలిసినవాళ్ళుండాలి, ఒంటరిగా మొదలుపెట్టకండి.

మందులు మారినా కలలు మారతాయి. డిప్రెషన్ మందులు, కొన్ని బీపీ మందులు, హఠాత్తుగా మద్యం మానేయడం, ఇవన్నీ కలల్ని ఎక్కువ చేస్తాయి. నాలుగు నెలల కింద మీకేదైనా కొత్త మందు మొదలైందా చూసుకోండి, కానీ డాక్టర్ని అడక్కుండా ఆపకండి. ఇక కలలో కొట్టుకుంటూ నిజంగానే చేతులు విసరడం, మంచం మీంచి దూకడం, ముఖ్యంగా యాభై దాటినవాళ్ళకి ఉంటే, అది నా దగ్గరికి రావాల్సిన కేసు కాదు, న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాల్సింది. పార్కిన్సన్స్‌కి అది ముందస్తు ఆనవాలయ్యే అవకాశం ఉంది.

మీ విషయానికి. ఈ వారం దవడ సంగతి చూడండి, నొప్పి ఉంటే పళ్ళ డాక్టరుకి చూపించండి. రెండు వారాలు మంచం పక్కన ఒక నోట్‌బుక్కు పెట్టుకోండి. లేవగానే, ఫోను ముట్టుకోకముందే, కల రాయండి. "పళ్ళు ఊడాయి" అని కాదు. ఎక్కడున్నారు, ఎవరున్నారు, ఒంట్లో ఎలా ఉంది, ముందురోజు ఏం జరిగింది. అర్థం రాయకండి, ఆ రెండు వారాలూ ఎవర్నీ అడక్కండి, ఆ యాప్ తీసేయండి. కల రాని రోజుల్లో "రాలేదు" అని కూడా రాయండి. ఏ రోజుల్లో రావట్లేదో చూస్తే ఒక్కోసారి వచ్చే రోజుల సంగతి తెలుస్తుంది.

ఇంకొకటి. మీ ప్రశ్న చివర్లో, పెద్దగా పట్టించుకోనట్టుగా, ఒక వాక్యం రాశారు. ఊడిన పళ్ళని పిడికిట్లో పట్టుకుని, ఎవరూ చూడకుండా ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా తిరుగుతుంటారని. పుస్తకం, యాప్, వీడియో, మూడూ ఊడిపోవడం గురించే మాట్లాడాయి. నాకు మాత్రం ఆ పిడికిలి దగ్గర ఆగిపోవాలనిపించింది. ఇంట్లో ఎవరి కంట పడకూడదని దాస్తున్నారు?